బెంగళూరులో ఉండి రగ్బీని వృత్తిగా ఎంచుకునేవారికి

రగ్బీ యూనియన్ ఆడినందుకు డబ్బు తీసుకోవచ్చని ఆ ఆట అంతర్జాతీయ సంఘం ఒప్పుకున్నది 1995 ఆగస్టులో. అంతకు నూరేళ్ల ముందు, 1895లో, పని మానుకుని ఆడడానికి వచ్చే కార్మికులకు పోయిన కూలి చెల్లించాలా వద్దా అన్న తగాదా మీదనే ఉత్తర ఇంగ్లండు క్లబ్బులు విడిపోయాయి. రగ్బీ లీగ్ అనే వేరే ఆట అలా పుట్టింది. అంటే వృత్తిగా రగ్బీ యూనియన్ వయసు మూడు దశాబ్దాలే. మన దేశంలోనైతే అది ఇంకా తప్పటడుగులు వేస్తోంది. 2025 జూన్‌లో ముంబయి అంధేరీలో ఆరు జట్లతో తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగి, చెన్నై బుల్స్ విజేతగా నిలిచి, బెంగళూరు బ్రేవ్‌హార్ట్స్, హైదరాబాద్ హీరోస్ అన్న పేర్లు టీవీలో వినిపించాక, మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు తెలుగు ఇళ్లలో కూడా ఈ ఆట మాట వస్తోంది. మైదానం అంచున నిలబడి పిల్లల సాధన చూసే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: “ఇందులో భవిష్యత్తు ఉందాండీ?”

ఉంది, కాని ఒకే యజమాని, ఒకే జీతం అన్న రూపంలో లేదు. లీగ్ ఆడే రెండు వారాల పారితోషికం, జాతీయ శిబిరాల భత్యం, క్రీడా కోటాలో వచ్చే ఉద్యోగం, విదేశీ క్లబ్బులో ఒకటి రెండు సీజన్లు, చివరికి శిక్షకుడి పనో రిఫరీ పనో — ఇవన్నీ కలిస్తేనే మన దగ్గర అది వృత్తి అవుతుంది. ఇన్ని ముక్కలను అతికేది కాగితం. ఆటను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో, ఆట చుట్టూ ఉన్న ధ్రువపత్రాలనూ ఒప్పందాలనూ అంతే శ్రద్ధగా చూసుకున్నవారే ఇందులో నిలదొక్కుకుంటున్నారని నా నమ్మకం. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ.

ఏ రగ్బీ?

రగ్బీ యూనియన్ అంటే ప్రధానంగా పదిహేను మంది ఆట. జట్టుకు పదిహేను మంది, మ్యాచ్ ఎనభై నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, దానికి ఐదు పాయింట్లు. ఆ తరువాత బంతిని తన్ని రెండు స్తంభాల మధ్య అడ్డబద్దకు పైగా పంపితే, అంటే గోల్ కొడితే, మరో రెండు. పెనాల్టీ గోల్‌కు (ప్రత్యర్థి తప్పు చేసినప్పుడు తన్నేది), డ్రాప్ గోల్‌కు (ఆట నడుస్తుండగా బంతిని నేలకు వదిలి తన్నేది) మూడేసి. సెవెన్స్ దీని పొట్టి రూపం. అంతే మైదానంలో ఏడుగురే ఆడతారు. మామూలుగా ఏడేసి నిమిషాల రెండు భాగాలు. మన ప్రీమియర్ లీగ్‌లో దాన్ని నాలుగేసి నిమిషాల నాలుగు భాగాలుగా మార్చారు.

భారతదేశంలో ఉన్నవారు సెవెన్స్‌తోనే మొదలుపెట్టాలని నా సలహా. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఉన్నది సెవెన్సే. జాతీయ క్రీడల్లోనూ, ఖేలో ఇండియా పోటీల్లోనూ, మన లీగ్‌లోనూ ఆడేది అదే. సెవెన్స్ ఆడినవారు పదిహేను మంది ఆటకు పనికిరారన్న అపోహ ఒకటి ఉంది. ఫ్రాన్స్ పదిహేను మంది జట్టు సారథి ఆంటొయిన్ డ్యుపాంట్ 2024లో సిక్స్ నేషన్స్ (ఆరు ఐరోపా జట్ల వార్షిక పోటీ) వదులుకుని సెవెన్స్‌కు వెళ్లి పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన తరువాత ఆ మాటకు విలువ లేదు.

అమ్మాయిల తల్లిదండ్రులు ఈ భాగాన్ని దాటవేయవద్దు. భారత మహిళల జట్టు పదిహేను మంది ఆటలో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది 2018లో. మరుసటి ఏడాదే మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించింది. చివరి నిమిషాల్లో విజయానికి కారణమైన పెనాల్టీ కొట్టిన సుమిత్రా నాయక్ ఒడిశాలోని గిరిజన విద్యాసంస్థలో చదువుకున్న అమ్మాయి. పోటీకి వచ్చేవారు తక్కువ కాబట్టి, పరుగు బాగున్న అమ్మాయికి రాష్ట్ర జట్టు దాకా దారి అబ్బాయికంటే త్వరగా తెరుచుకుంటుంది.

మొదటి ఏడాది

బెంగళూరులో బెంగళూరు రగ్బీ ఫుట్‌బాల్ క్లబ్, చెన్నైలో చెన్నై చీతాస్ ఈ ఆటను చాలా కాలంగా నిలబెడుతున్న క్లబ్బులు. వీటికి తోడు కొన్ని కళాశాల జట్లు, సైనిక విభాగాల జట్లు ఉన్నాయి. చాలాచోట్ల సాధన వారాంతాల్లోనో, సాయంత్రం వేళ అద్దెకు తీసుకున్న ఫుట్‌బాల్ మైదానాల్లోనో జరుగుతుంది. క్లబ్బు ఎంచుకునేటప్పుడు దాని పేరుకన్నా, మీ ఇంటి నుంచి ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో ముందు చూడండి. సిల్క్ బోర్డు దాటి గంటన్నర ప్రయాణం చేసి వచ్చే కుర్రవాడు రెండు నెలల్లో మానేస్తాడు. దగ్గరి క్లబ్బులో వారానికి రెండు మూడుసార్లు ఆడడం, దూరపు పెద్ద క్లబ్బులో నెలకు రెండుసార్లు ఆడడంకంటే ఎన్నో రెట్లు మేలు.

చేరే రోజున మూడు సంగతులు గమనించాలి. శిక్షకుడికి ప్రపంచ రగ్బీ సంఘం ఇచ్చే లెవల్ 1 అర్హత అయినా ఉందా? సాధన జరిగేచోట ప్రథమ చికిత్స తెలిసినవారు ఉన్నారా? ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాడిని పట్టి పడగొట్టడం) నేర్పేది గడ్డి మీదనా, గట్టి ఎర్రమట్టి మీదనా? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. బెంగళూరులో వానాకాలం దాటాక చాలా మైదానాలు గచ్చులా తయారవుతాయి. అటువంటి నేల మీద పాస్‌లు, పరుగు సాధన చేయవచ్చు కాని కొత్తవారికి ట్యాకిల్ నేర్పకూడదు. నేర్పాల్సివస్తే చాపలైనా పరవాలి. పదమూడేళ్లలోపు పిల్లలకు ట్యాగ్ రగ్బీ, టచ్ రగ్బీ (పడగొట్టకుండా, నడుముకు తగిలించిన పట్టీ లాగడమో చేత్తో తాకడమో చేసే ఆటలు) చాలు. అక్కడ నేర్చుకోవలసినది బంతి పట్టడం, ఇద్దరి మధ్య ఖాళీని చూడడం, పరిగెడుతూ వెనక్కి అందించడం.

సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. ఫుట్‌బాల్ స్టడ్స్, మౌత్‌గార్డ్, అయిదో నంబరు రగ్బీ బంతి సరిపోతాయి; చిన్నపిల్లలకైతే నాలుగో నంబరు, ఇంకా చిన్నవారికి మూడో నంబరు. మౌత్‌గార్డ్ దంతవైద్యుడి దగ్గర కొలత ఇచ్చి చేయించుకుంటే మంచిది. మెత్తని తలపాగాలాంటి స్క్రమ్ క్యాప్ చెవులకూ, తలపై చర్మానికీ రక్షణ ఇస్తుందే తప్ప మెదడు అదరడాన్ని ఆపదు. అది పెట్టుకున్నామన్న ధీమాతో తల ముందుకు పెట్టేవారున్నారు.

ఆలస్యంగా మొదలుపెట్టానని బెంగపడేవారు కార్లిన్ ఐల్స్ గురించి తెలుసుకోవాలి. అమెరికాకు చెందిన ఈ వంద మీటర్ల పరుగు వీరుడు 2012లో రగ్బీకి మారి, 2016 ఒలింపిక్స్‌లో ఆ దేశం సెవెన్స్ జట్టులో ఆడాడు. మన జాతీయ శిబిరాల్లోనూ అథ్లెటిక్స్, కబడ్డీ నుంచి వచ్చినవారు ఉంటారు. పద్దెనిమిదేళ్లకు మొదలుపెట్టడం సెవెన్స్‌లో నేరం కాదు. స్క్రమ్‌లో, అంటే రెండు జట్లవారూ వరుసలుగా వంగి భుజాలు ఆనించి తోసుకునేటప్పుడు, ముందు వరుస అంచున ఉండే ప్రాప్ కావాలంటే మాత్రం మెడ, వీపు కండరాలు ఏళ్ల తరబడి తయారు కావాలి కాబట్టి తొందర పనికిరాదు.

ట్యాకిల్

ఈ ఆటలో జీవనోపాధి నిర్ణయమయ్యేది ఇక్కడే, గాయాలు ఎక్కువగా తగిలేదీ ఇక్కడే. కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

కబడ్డీ ఆడిన పిల్లలకు ఎదుటివాడి మీద పడడానికి భయం ఉండదు. అది పెద్ద లాభం. కాని కబడ్డీలో మడమ పట్టడం, నడుము పట్టి లాగడం అలవాటైనవారు రగ్బీలోనూ చేతులను ముందు పంపుతారు, భుజం వెనకబడుతుంది, తల ఎక్కడో ఉంటుంది. రగ్బీలో భుజం ముందు తగలాలి, చేతులు వెంటనే చుట్టుకోవాలి.

బంతి పట్టుకుని వస్తున్నవాడి నుంచి రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మీ అడుగులు చిన్నవి కావాలి. పూర్తి వేగంతో వెళ్లేవాడు పక్కకు తప్పుకునే ఆటగాడి ముందు నిస్సహాయుడు. చూపు అతని నడుము మీద ఉండాలి; కళ్లతోనూ చేతులతోనూ ఎంత మోసం చేసినా నడుము ఎటు వెళితే మనిషి అటే వెళ్తాడు. తగిలే క్షణానికి మీ ముందు పాదం అతని పాదానికి దగ్గరగా నేల మీద ఉండాలి, మోకాళ్లు వంగి ఉండాలి, వీపు తిన్నగా ఉండాలి, తల పైకి చూస్తూ ఉండాలి. మీ తల అతని శరీరానికి ముందు కాకుండా, వెనకవైపు పక్కన ఉండాలి. అంటే అతను మీ కుడి భుజానికి తగులుతుంటే మీ కుడి చెంప అతని పిరుదుకు ఆనాలి. తల తప్పుడు వైపు పడినప్పుడు ఎదుటివాడి మోకాలికో, తుంటి ఎముకకో నేరుగా తగులుతుంది. నేను చూసిన తల దెబ్బల్లో ఎక్కువ భాగం ఎదుటివాడి దురుసుతనం వల్ల కాదు, ట్యాకిల్ చేసేవాడి తల తప్పుడు వైపు ఉండడం వల్ల వచ్చినవే.

భుజం తగిలిన వెంటనే రెండు చేతులూ చుట్టి బిగించి, కాళ్లతో రెండు మూడు అడుగులు ముందుకు తోయాలి. కింద పడ్డాక అతన్ని వదిలి, పక్కకు దొర్లి, లేచి నిలబడాలి, వదలకపోతే పెనాల్టీ. చేతులు చుట్టకుండా భుజంతో ఢీకొట్టడం నేరం. భుజాల గీతకు పైన పట్టడమూ నేరమే. తలకు గట్టిగా తగిలితే రెడ్ కార్డు దాకా వెళ్లవచ్చు. క్లబ్బు స్థాయి ఆటలో ట్యాకిల్ ఎత్తును ఛాతీ ఎముకకు దిగువకు తగ్గించే ప్రయోగాలు 2023 నుంచి పలు దేశాల్లో నడుస్తున్నాయి. కనుక ఇప్పుడు నేర్చుకునేవారు నడుము ఎత్తులోనే ట్యాకిల్ చేయడం అలవాటు చేసుకుంటే, రేపు నియమం మారినా ఇబ్బంది ఉండదు.

సాధన క్రమం ఇలా ఉండాలి: ముందు ఇద్దరూ మోకాళ్ల మీద, తరువాత ట్యాకిల్ చేసేవాడు మోకాళ్ల మీద, ఎదుటివాడు నడుస్తూ, తరువాత ఇద్దరూ నడుస్తూ, చివరికి పరుగులో. ఎడమ భుజానికీ కుడి భుజానికీ సమంగా చేయాలి. దెబ్బ తినేవాడికి కూడా ఒక విద్య ఉంది: గడ్డం ఛాతీకి ఆనించి పడాలి, లేకపోతే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది, పడ్డాక శరీరాన్ని బంతికీ ప్రత్యర్థికీ మధ్య అడ్డం పెట్టి, చేతులు చాచి బంతిని తన జట్టువైపు ఉంచాలి. ఎంపిక శిబిరాల్లో పెద్ద పెద్ద పరుగులకంటే ఈ చివరి పనిని చక్కగా చేసేవాడు శిక్షకుల కంట పడతాడు.

ఏ స్థానం ఆడాలి?

మన దగ్గరికి వచ్చే ప్రతి కుర్రవాడూ వింగ్ (మైదానం అంచు స్థానం) ఆడతానంటాడు. బంతి పట్టుకుని గీత వెంట పరిగెత్తి ట్రై చేయడంలో ఉన్న సరదా అది. కాని లెక్క వేరే చెబుతుంది. పదిహేను మంది ఆటలో ఇరవై ముగ్గురి జట్టు ప్రకటిస్తే అందులో కనీసం ఆరుగురు ముందు వరుసకు శిక్షణ పొందినవారు ఉండాలి: ఇద్దరు ప్రాప్‌లు, వారిద్దరి మధ్య నిలబడే ఒక హుకర్, వారికి తోడు ముగ్గురు ప్రత్యామ్నాయాలు. స్క్రమ్‌లో శిక్షణ లేనివాడిని నిలబెడితే మెడకు ప్రమాదం కాబట్టి ఈ నియమం ఉంది. ఇరవై ముగ్గురిలో ఆరు స్థానాలు ముందే కేటాయించి ఉన్నాయన్నమాట. దిట్టమైన శరీరం, పొట్టి మెడ, ఓపిక ఉన్న పిల్లవాడికి ఇంతకంటే ఖాయమైన పని ఈ ఆటలో లేదు. హుకర్ అయితే లైనౌట్‌లో (బంతి పక్క గీత దాటాక రెండు జట్ల వరుసల మధ్యకు విసిరి ఆట మొదలుపెట్టేటప్పుడు) బంతిని తిన్నగా విసరడం అదనంగా నేర్చుకోవాలి. ఆ ఒక్క పని కోసం రోజూ అరగంట గోడకు గుర్తు పెట్టి విసరడం వృథా కాదు. పొట్టివాడూ, మాట చురుకైనవాడూ స్క్రమ్ హాఫ్‌కు (స్క్రమ్ నుంచి బంతి తీసి అందించే స్థానం) ప్రయత్నించాలి. ఆరున్నర అడుగుల వాడిని స్క్రమ్ రెండో వరుసలోని లాక్ స్థానం కోసం ఎవరైనా వెతికి తీసుకుపోతారు, అతను అడగనక్కరలేదు.

పరుగు, తిండి, మందులు

రగ్బీ జట్లు ఓర్పును కొలవడానికి వాడే బ్రాంకో పరీక్షకు ఒక మైదానం, నాలుగు గుర్తులు ఉంటే చాలు. మొదటి గుర్తు దగ్గర మొదలై 20 మీటర్లు వెళ్లి రావాలి, వెంటనే 40 మీటర్లు వెళ్లి రావాలి, తరువాత 60 మీటర్లు. ఇది ఒక సెట్, 240 మీటర్లు. ఆగకుండా అయిదు సెట్లు, మొత్తం 1,200 మీటర్లు. అయిదు నిమిషాల లోపు ముగిస్తే క్లబ్బు స్థాయికి బాగున్నట్టు. నాలుగున్నరకు దగ్గరైతే పై స్థాయి గురించి మాట్లాడవచ్చు. న్యూజిలాండ్ ఆటగాడు బోడెన్ బారెట్ 4 నిమిషాల 12 సెకన్లలో ముగించినట్టు పత్రికలు రాశాయి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, వేసవిలో కూడా ఉదయం సాధనకు అనువుగా ఉంటుంది. చెన్నైలో ఉన్నవారు మార్చి నుంచి ఈ పరీక్షను సూర్యోదయానికి ముందే పెట్టుకోవాలి.

తెలుగు ఇంటి భోజనంలో లోటు ప్రోటీన్‌దే. కష్టపడి సాధన చేసేవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ కావాలని క్రీడా పోషణ నిపుణులు చెబుతారు. 80 కిలోల కుర్రవాడికి అది 130 నుంచి 160 గ్రాములు. అన్నంలో కలుపుకునే గరిటెడు పలుచని పప్పులో మూడు నాలుగు గ్రాములకు మించి ఉండదు. గుడ్డులో ఆరు, వంద గ్రాముల చికెన్‌లో పాతికకు పైన. ముద్దపప్పు, పెరుగు, పనీర్, శనగలు, గుడ్లు రోజులో నాలుగు పూటలకూ పంచితేగాని ఆ అంకె చేరదు. పీజీ హాస్టల్లో ఉండేవారికి ఇది ఇంకా కష్టం. గదిలో ఒక ఎలక్ట్రిక్ కెటిల్, గుడ్ల ట్రే ఉంచుకోవడం నేను చూసిన అందరిలోకీ తెలివైన ఏర్పాటు.

డబ్బాల్లో వచ్చే పొడుల విషయంలో జాగ్రత్త. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షలో నిషిద్ధ పదార్థం దొరికితే, అది పొడిలో కలిసి ఉందని నాకు తెలియదన్న వాదన మిమ్మల్ని సులభంగా కాపాడదు. నిషేధం నాలుగేళ్ల దాకా ఉండవచ్చు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన మూతలేని డబ్బా, పేరు లేని మాత్ర ముట్టుకోవద్దు. ఆస్తమాకో, జలుబుకో వైద్యుడు మందు రాసినప్పుడు కూడా నిషిద్ధ జాబితా చూసుకోవాలి. తప్పనిసరి మందైతే చికిత్స మినహాయింపునకు ముందుగానే దరఖాస్తు చేయాలి.

తలకు దెబ్బ తగిలినప్పుడు

2003లో ఇంగ్లండు ప్రపంచకప్ గెలిచినప్పుడు ఫైనల్‌లో హుకర్‌గా ఆడిన స్టీవ్ థామ్సన్, నలభై రెండేళ్ల వయసులో తనకు డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) మొదలైందనీ, ఆ ఫైనల్ ఆడిన సంగతే జ్ఞాపకం లేదనీ 2020లో ప్రకటించాడు. పదే పదే తగిలిన దెబ్బల ఫలితం గురించి ఈ ఆట ఇప్పుడు భయంతో ఆలోచిస్తోంది. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో తలకు దెబ్బ అనుమానం వస్తే ఆటగాడిని బయటికి తీసుకువెళ్లి పన్నెండు నిమిషాలపాటు వైద్యుడు పరీక్షిస్తాడు. మన క్లబ్బు మైదానాల్లో అంత ఏర్పాటు ఉండదు కాబట్టి నియమం ఇంకా కఠినంగా ఉండాలి: అనుమానం వస్తే బయటికి, ఆ రోజు మళ్లీ లోపలికి లేదు.

తలనొప్పి, కళ్లు తిరగడం, స్కోరు మరిచిపోవడం, అడిగిందే అడగడం, వెలుతురు చూడలేకపోవడం — వీటిలో ఏ ఒక్కటి చాలు. స్పృహ తప్పనక్కరలేదు. క్లబ్బు స్థాయి ఆటగాళ్లు కనీసం 21 రోజులు పోటీకి దూరంగా ఉండి, దశలవారీగా తిరిగి రావాలన్నది ప్రపంచ రగ్బీ సంఘం మార్గదర్శకం. ఫైనల్ ఉందనీ, సెలక్టర్లు వచ్చారనీ పిల్లవాడు దాచిపెట్టవచ్చు; ఇంటికి వచ్చాక ఆ రాత్రి గమనించవలసింది అమ్మా నాన్నలు. ప్రపంచ రగ్బీ సంఘం వెబ్‌సైటులో కన్‌కషన్ (మెదడు అదరడం) మీద ఉచిత కోర్సు ఉంది. దాన్ని పిల్లలతో పాటు పెద్దలు కూడా పూర్తి చేయాలని పట్టుబడతాను.

రాష్ట్ర జట్టు, ధ్రువపత్రాలు, ఉద్యోగం

బెంగళూరు తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కుంది. ఆధార్‌లో అనంతపురమో కర్నూలో ఉంటుంది, చదువు కర్ణాటకలో. పాఠశాల పోటీలకు మీరు చదువుతున్న పాఠశాల ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రమే. సీనియర్ పోటీలకు ఏ రాష్ట్ర సంఘంలో నమోదయ్యారన్నది ముఖ్యం. మధ్యలో మారాలంటే పాత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతారు. ఎక్కడ ఆడితే సులభంగా చోటు దొరుకుతుందన్న లెక్కతో రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దు. జనన ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల జాబితా, పాస్‌పోర్టు మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర ఉండడం మన తెలుగువారికి ఉన్న శాశ్వత సమస్య. శిబిరానికి పిలుపు వచ్చాక దాన్ని సరిచేయించుకోవడానికి సమయం దొరకదు.

విదేశాల్లో స్థిరపడిన బంధువుల పిల్లలకు కూడా ఒక మాట. ప్రపంచ రగ్బీ నియమాల ప్రకారం తాత, అమ్మమ్మ పుట్టిన దేశం తరఫున ఆడే అర్హత ఉంటుంది, లేదా ఒక దేశంలో అయిదేళ్లు ఉంటే వస్తుంది. భారత జట్టుకు మాత్రం భారత పాస్‌పోర్టు ఉండాలన్నది 2008లో కేంద్ర క్రీడాశాఖ తెచ్చిన విధానం.

ఉద్యోగం విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వం 2020లో క్రీడా కోటా నియామకాలకు అర్హమైన క్రీడల జాబితాను 43 నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీని చేర్చింది. నా దృష్టిలో మన మధ్యతరగతి ఇళ్లకు ఈ ఆటలో అతి ముఖ్యమైన వార్త అదే. ఈ కోటాలో దరఖాస్తు చేసేటప్పుడు ఆడినట్టు చెప్పే కాగితం నిర్ణీత ఫారంలో ఉండాలి: అంతర్జాతీయ పోటీకి జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకంతో ఫారం-1, జాతీయ స్థాయి పోటీకి ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీకి విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధిపతి సంతకంతో ఫారం-3, జాతీయ పాఠశాల క్రీడలకు విద్యాశాఖ అధికారి సంతకంతో ఫారం-4. పోటీ ముగిసిన వెంటనే ఆ ఫారం నింపించుకోవాలి. రెండేళ్ల తరువాత కార్యదర్శి మారతారు, రికార్డు దొరకదు, పతకం ఇంట్లో ఉన్నా దానికి విలువ ఉండదు. రాష్ట్ర ప్రభుత్వాల కోటాలకు క్రీడల జాబితా వేరుగా ఉంటుంది కాబట్టి ఆయా నోటిఫికేషన్లు చదవాలి. పీయూసీ, డిగ్రీ మధ్యలో ఆపి రగ్బీకి వెళతానన్న అబ్బాయికి ఈ ఒక్క కారణమే చాలు చెప్పడానికి: డిగ్రీ లేకపోతే కోటాలో దొరికే ఉద్యోగం స్థాయి కూడా పడిపోతుంది.

విదేశీ క్లబ్బులు, ఒప్పందాలు

ఫ్రాన్స్‌లో టాప్ 14, ఇంగ్లండులో ప్రీమియర్‌షిప్ (2025 నుంచి దాని పేరు ప్రెమ్), ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ, దక్షిణాఫ్రికా జట్ల యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్, పసిఫిక్‌లో సూపర్ రగ్బీ, జపాన్‌లో లీగ్ వన్ — జీతాలు ఉన్నది వీటిలో. భారతదేశంలో నేర్చుకున్న ఆటగాడు వీటిలోకి నేరుగా వెళ్లడం ఈ రోజుకు దాదాపు అసాధ్యం. ఫ్రెంచి క్లబ్బులు స్థానికంగా తయారైన ఆటగాళ్లను నిర్ణీత సంఖ్యలో ఆడించాలి. బ్రిటన్‌లో క్రీడాకారుల వీసాకు అక్కడి రగ్బీ సంఘం ఆమోదపత్రం కావాలి. ఉన్న డబ్బు కూడా బయటికి కనిపించినంత లేదు. 2024-25లో ఇంగ్లండు ప్రీమియర్‌షిప్‌లో ఒక క్లబ్బు ఏడాది జీతాల పరిమితి 64 లక్షల పౌండ్లు. దాన్ని నలభై మందికి అటూ ఇటూగా పంచాలి.

కాబట్టి దారి చదువు మీదుగా వెళ్తుంది. బ్రిటన్‌లోనో, న్యూజిలాండ్‌లోనో ఎంఎస్‌కు వెళ్లే తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో రగ్బీ ఆడేవారు విశ్వవిద్యాలయ జట్టులో చేరి, అక్కడి నుంచి ఎదగవచ్చు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవారు వృత్తి క్రీడాకారుడిగా పని చేయకూడదు. స్థానిక క్లబ్బు మ్యాచ్‌కు ఇంత ఇస్తామంటే సంబరపడి తీసుకున్నవారి వీసాకే ముప్పు రావచ్చు. ముందు విశ్వవిద్యాలయం వీసా విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. దేశం మారి ఆడాలంటే మన జాతీయ సమాఖ్య నుంచి క్లియరెన్స్ కూడా తీసుకోవాలి.

ఒప్పందం చేతికి వచ్చినప్పుడు అందరూ మొదట జీతం అంకె చూస్తారు. నేను గాయం పేరా ముందు చదవమంటాను. గాయపడితే జీతం ఎన్ని నెలలు ఇస్తారు? ఎన్ని నెలలు ఆడలేకపోతే క్లబ్బు ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు? ఆడగలడో లేదో తేల్చేది క్లబ్బు వైద్యుడొక్కడేనా, మీరు ఎంచుకున్న రెండో వైద్యుడి అభిప్రాయానికి చోటు ఉందా? మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే శస్త్రచికిత్స తరువాత తిరిగి ఆడడానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. ఒప్పందంలో ఆరు నెలల పరిమితి ఉంటే, ఆ ఒక్క గాయంతో మీ జీతం ఆగిపోతుంది, చికిత్స ఖర్చు మీ మీద పడుతుంది. “ఇది మామూలుగా అందరికీ ఉండే షరతే” అని ఏజెంటు అంటే, తొమ్మిదిగానో పన్నెండుగానో మార్చమని అడగండి. కొత్తవాడు అడగకూడదన్న నియమం లేదు. తరువాత బస, తిరుగు విమాన టికెట్టు, ఏజెంటు వాటా ఎవరు చెల్లిస్తారన్నది చూడాలి. జాతీయ జట్టుకు పిలుపు వస్తే నిర్ణీత కాలాల్లో క్లబ్బు వదిలిపెట్టాలని ప్రపంచ రగ్బీ సంఘం నియమం 9 చెబుతుంది. దాన్ని కాదనే షరతు ఉంటే సంతకం చేయవద్దు.

క్లబ్బు ఆర్థిక స్థితినీ ఆరా తీయాలి. ఇంగ్లండులో వూస్టర్, వాస్ప్స్ 2022లోనూ, లండన్ ఐరిష్ 2023లోనూ కూలిపోయాయి. వూస్టర్, వాస్ప్స్ ఆటగాళ్లకైతే సీజన్ మధ్యలోనే ఉద్యోగం పోయింది. వాళ్లలో అంతర్జాతీయ ఆటగాళ్లకు వేరే చోటు దొరికింది, కింది వరుసవారు నెలల తరబడి వెతుక్కున్నారు.

బీమా విషయం మన దేశంలోనూ వర్తిస్తుంది. ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో, ప్రమాదకర క్రీడల్లో వృత్తిగా పాల్గొన్నప్పుడు కలిగిన గాయాల చికిత్స ఒకటి. మీ నాన్నగారి కంపెనీ ఇచ్చే కుటుంబ పాలసీ మోకాలి శస్త్రచికిత్సకు డబ్బు ఇస్తుందో లేదో, లీగ్‌లో సంతకం పెట్టకముందే బీమా కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఇచ్చిన హామీ క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ఆడే రోజుల్లోనే

ముప్పై రెండు, ముప్పై మూడేళ్లు దాటి ఈ ఆటను వృత్తిగా ఆడేవారు తక్కువ. ముందు వరుసవారు మాత్రం మరికొన్నాళ్లు లాగుతారు. కాబట్టి లెవల్ 1 శిక్షకుడి కోర్సు, రిఫరీ కోర్సు ఇరవై అయిదేళ్లలోపే పూర్తి చేసి ఉంచుకోవాలి. రిఫరీ పనిని మనవారు చిన్నచూపు చూస్తారు. నిజానికి అంతర్జాతీయ స్థాయికి చేరడానికి ఆటగాడి దారికంటే రిఫరీ దారిలో రద్దీ తక్కువ. తెలుగు, కన్నడ, తమిళం మూడూ వచ్చిన శిక్షకుడికి బెంగళూరు పాఠశాలల్లో పని దొరుకుతుంది, ఎందుకంటే పిల్లలు ట్యాకిల్ చేసేటప్పుడు తల ఎక్కడ పెట్టాలో ఇంటి భాషలో చెబితేనే తొందరగా పట్టుకుంటారు. గంటకు ఇంత అని కాకుండా పాఠశాల ఏడాదికి ఒప్పందం అడగండి; ఏప్రిల్, మే సెలవుల జీతం అందులో ఉందో లేదో చూసుకోండి.